జిల్లా మెడికల్ కాలేజీలో కొత్త డాక్టరుకు దారి చూపేదెవరు?

పదేళ్ల కిందటి వరకు పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ పిల్లలు ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ చదవాలంటే సొంత జిల్లా దాటక తప్పేది కాదు. అక్కడ ఉన్నవి రెండే ప్రైవేటు కాలేజీలు: నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్. రెండూ 1999లో మొదలైనవే. 2016లో మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరుచుకుంది. 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరి వరుసగా వచ్చాయి. పాత నల్లగొండ జిల్లాలోని బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019లో 50 మందితో తొలి ఎంబీబీఎస్ బ్యాచ్ మొదలైంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు 5 ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2024 నాటికి 34 అయ్యాయి. వాటిలో 8, అంటే దాదాపు నాలుగో వంతు, ఈ రెండు పాత జిల్లాల్లోనే ఉన్నాయి.

వీటి గురించి బయట జరిగే చర్చంతా సీట్లు, భవనాలు, పడకలు, ఇన్‌స్పెక్షన్ల చుట్టూ తిరుగుతుంది. లోపల పాఠం చెప్పేవాళ్ల సంగతి పెద్దగా ఎవరికీ పట్టదు. మే 2023లో రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి వెయ్యికి పైగా అసిస్టెంట్ ప్రొఫెసర్లకు నియామక పత్రాలిచ్చింది. వీళ్లలో చాలామంది ముప్పై, ముప్పై అయిదేళ్ల లోపువాళ్లే. ఎండీ లేదా ఎంఎస్ ముగించి, సీనియర్ రెసిడెన్సీ చేసి, పెళ్లి, పిల్లలు, ఇంటి అప్పు, పోస్టింగ్ అన్నీ ఒకేసారి మీద పడే వయసు అది. ఓపీ చూడాలి, క్లాసు చెప్పాలి, ప్రమోషన్ కోసం పేపర్ వేయాలి. వీటిలో దేనికి ఎంత సమయమివ్వాలో, అయిదేళ్ల తరవాత ఎక్కడుండాలో కూర్చోబెట్టి చెప్పే పెద్దమనిషి ఆ కాలేజీలో ఉన్నాడా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

నిబంధన గీసిన దారి

కొత్త అధ్యాపకుడికి మొదట కనిపించే కెరీర్ ప్లాన్ జాతీయ వైద్య కమిషన్ నిబంధనే. 2022 ఫిబ్రవరిలో వచ్చిన అధ్యాపక అర్హతల నిబంధన ప్రకారం పీజీ తరవాత ఏడాది సీనియర్ రెసిడెన్సీ చేస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు. నాలుగేళ్ల సర్వీసు, రెండు పరిశోధన పత్రాలుంటే అసోసియేట్ అర్హత వస్తుంది. మరో మూడేళ్లు, మొత్తం నాలుగు పత్రాలుంటే ప్రొఫెసర్. దీనికి తోడు వైద్య బోధన మీద ఒక ప్రాథమిక కోర్సు, పరిశోధన పద్ధతుల మీద మరో ప్రాథమిక కోర్సు పూర్తిచేయాలి. రెండోది చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆన్‌లైన్‌లో నడుపుతుంది.

పత్రాల విషయంలోనూ షరతులున్నాయి. మెడ్‌లైన్, స్కోపస్ వంటి సూచికల్లో ఉన్న జర్నల్ కావాలి. మొదటి ముగ్గురు రచయితల్లో ఒకరో, కరెస్పాండింగ్ ఆథరో అయ్యుండాలి. కేస్ సిరీస్ లెక్కకొస్తుంది, ఒంటరి కేస్ రిపోర్ట్ రాదు. ఈ చివరి సంగతి తెలియక కేస్ రిపోర్టుల మీద ఏళ్లు పోసేవాళ్లుంటారు. చెప్పేవాళ్లు లేకపోతే జరిగే నష్టానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ దొరకదు. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు, చెప్పకపోతే రెండేళ్లు పోతాయి.

ఈ నిబంధన తప్పుడుది కాదు. కానీ అది ఎన్ని పత్రాలో చెబుతుంది గాని ఏ ప్రశ్న మీద రాయాలో చెప్పదు. ఫలితం ఊహించగలిగేదే. నాలుగో ఏడాది దగ్గరపడేసరికి హడావిడి మొదలవుతుంది. పీజీ థీసిసే ముక్కలవుతుంది, తోటివాళ్ల పేపర్లలో ఒకరి పేరు ఒకరు వేసుకుంటారు, డబ్బు కడితే వేసే జర్నళ్ల వేట సాగుతుంది.

అదే నిబంధనను ఇంకోవైపు నుంచి చదివితే అసలు సమస్య బయటపడుతుంది. 2024లో గద్వాలలోనో నారాయణపేటలోనో తొలిసారి అసిస్టెంటుగా చేరిన డాక్టరు, సర్వీసూ పేపర్లూ ప్రమోషనూ అన్నీ సమయానికి కుదిరినా, 2031కి గాని ప్రొఫెసర్ కాలేడు. కాలేజీ పెట్టడానికి ఒక జీవో, ఒక బడ్జెట్ సరిపోతాయి. ఆ కాలేజీ తన సొంత గురువును తయారుచేసుకోవడానికి తక్కువలో తక్కువ ఏడేళ్లు పడుతుంది. ఈ మధ్యకాలాన్ని ఎట్లా గడపాలన్నదే జిల్లా కాలేజీల ముందున్న చిక్కు.

సీనియర్లు ఎక్కడ?

సీనియర్లు అసలే లేరనడం న్యాయం కాదు. హైదరాబాద్ నుంచి బదిలీ మీద, ప్రమోషన్ మీద, డిప్యుటేషన్ మీద వచ్చే ప్రొఫెసర్లున్నారు. వాళ్లలో చాలామంది కుటుంబాలు రాజధానిలోనే ఉంటాయి. నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు అటూ ఇటూ. బస్సు, రైలు, నలుగురు కలిసి మాట్లాడుకున్న కారు, ఏదైనా రోజుకు నాలుగు గంటలు దారిలోనే పోతాయి. గురుశిష్యుల మాటలు సాగేది రౌండ్స్ అయ్యాక టీ దగ్గర, సాయంత్రం డిపార్ట్‌మెంట్‌లో. అప్ అండ్ డౌన్ చేసే ప్రొఫెసరుకు ఆ వేళకు రైలు టైమవుతుంది. ఆధార్ ఆధారిత హాజరు, ఏడాది పనిదినాల్లో 75 శాతం తప్పనిసరి అన్న నిబంధన, 2025 మే నుంచి ముఖం చూపించి వేసే హాజరు, ఇవి మనిషి కాలేజీకి వచ్చాడని రుజువు చేస్తాయి. జూనియర్‌తో అరగంట కూర్చున్నాడా అన్నది వాటికి అందదు.

2022 నిబంధన స్థానంలో 2025 జులైలో వచ్చిన కొత్త నిబంధన మరో తలుపు తెరిచింది. 220 పడకలకు తగ్గని ప్రభుత్వ ఆస్పత్రుల్లో పదేళ్లు పనిచేసిన పీజీ స్పెషలిస్టులు నేరుగా అసోసియేట్ కావచ్చు. రెండేళ్ల అనుభవమున్నవాళ్లు సీనియర్ రెసిడెన్సీ లేకుండానే అసిస్టెంట్ కావచ్చు. దీన్ని విమర్శించినవాళ్లు బోధన ప్రమాణాలు పడిపోతాయన్నారు. జిల్లా కోణం నుంచి చూస్తే ఇందులో లాభం లేకపోలేదు. ఇరవై ఏళ్లుగా ఆ ఊరి ఆస్పత్రిలోనే ఆపరేషన్లు చేసిన సర్జన్‌కు ఆ ప్రాంతం జబ్బులు, మనుషులు, వాళ్ల మాట తీరు తెలుసు. చేయి పట్టుకుని పని నేర్పడంలో ఆయన్ను మించినవారుండరు. అయితే పేపర్ రాయడం, ఎథిక్స్ కమిటీకి అర్జీ పెట్టడం ఆయన ఎన్నడూ చేసుండరు. అంటే కుర్రడాక్టరు ఒకరి దగ్గర వైద్యం, ఇంకొకరి దగ్గర పరిశోధన నేర్చుకోవాలి.

లోకం అనుభవం ఏం చెబుతోంది?

వైద్య విద్యలో మెంటరింగ్ మీద ఎక్కువగా ఉటంకించే సమీక్ష 2006లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో వచ్చింది. సంబుంజాక్, స్ట్రాస్, మరూసిచ్ కలిసి 39 అధ్యయనాలను పరిశీలించారు. వైద్య విద్యార్థుల్లో సగం కంటే తక్కువమందికి, కొన్ని విభాగాల అధ్యాపకుల్లో 20 శాతం కంటే తక్కువమందికే మెంటర్ ఉన్నట్టు తేలింది. మెంటర్ ఉన్నవాళ్లలో పరిశోధన, కెరీర్ తృప్తి మెరుగ్గా కనిపించాయి. గురువు దొరకడం మహిళలకు మరింత కష్టమన్న భావన కూడా బయటపడింది. కానీ ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఒకేసారి అడిగి రాసుకున్న సర్వేలు, సాక్ష్యం బలహీనం అని రచయితలే ఒప్పుకున్నారు. చురుకైనవాళ్లకు గురువు తొందరగా దొరుకుతాడా, గురువు దొరకడం వల్ల చురుకవుతారా అన్నది ఇలాంటి సర్వేలతో తేలదు.

మనకు ఎక్కువ పనికొచ్చేది 2005లో పొలోలి, నైట్ అనే పరిశోధకులు ముందుకు తెచ్చిన వాదన. పెద్దలు తక్కువగా ఉన్నచోట ఒక్క గురువు కోసం ఎదురుచూసే బదులు, సమాన స్థాయి జూనియర్లే గుంపుగా కూర్చుని ఒకరి పని ఒకరు చూసిపెట్టడం మేలని వాళ్లన్నారు. మన దేశంలో వైద్య అధ్యాపకులకు శిక్షణనిచ్చే ఫైమర్ సంస్థ ప్రాంతీయ కేంద్రాలు, 2005లో ముంబైలో, 2006లో లూధియానాలో, 2007లో కోయంబత్తూరులో మొదలైనవి, ఇదే నమూనాకు దగ్గరగా నడిచాయి. దేశం నలుమూలల నుంచి వచ్చిన వైద్య అధ్యాపకులు కొన్నాళ్లు కలిసి కూర్చుంటారు, మిగతా కాలం దూరం నుంచే ఒకరి ప్రాజెక్టును ఒకరు పట్టించుకుంటారు.

బేగంపేట నుంచి లండన్‌కు ఉత్తరాలు

దూరపు గురువు అన్న ఊహ మన నేలకు కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆయన గురువు పాట్రిక్ మాన్సన్ ఉన్నది లండన్‌లో. 1894లో లండన్‌లో కలిసి సూక్ష్మదర్శినిలో ఆ జీవిని చూపించింది మాన్సనే. ఆ తరవాత ఇద్దరి మధ్య నడిచిందంతా ఉత్తరాల్లోనే.

ఆ జంట కథలో మన కుర్రడాక్టర్లకు మూడు పాఠాలున్నాయి. మొదటిది, గురువు చెప్పిందంతా నిజం కాదు. దోమ నీళ్లలో చచ్చి, ఆ నీళ్లు తాగినవాళ్లకు మలేరియా వస్తుందని మాన్సన్ నమ్మాడు. రాస్ ఆ దారిలో కొంతకాలం పోయి, మనుషులకు అలాంటి నీళ్లు తాగించి చూసి, ఫలితం రాక వెనక్కి వచ్చాడు. రెండోది, బదిలీ పరిశోధనను చంపగలదు. అంత పెద్ద సంగతి కనిపెట్టిన నెల రోజులకే రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వారాకు పంపారు. అక్కడ పని ముందుకు సాగలేదు. మూడోది, గురువు పని సలహాతో ఆగదు. పైవాళ్లతో మాట్లాడి, ప్రత్యేక విధుల మీద రాస్ కలకత్తాకు మారేలా చూసింది మాన్సన్. 1898లో అక్కడే పక్షుల మలేరియా మీద పని పూర్తయింది, 1902లో నోబెల్ వచ్చింది. చివరికి ఇద్దరికీ పడకుండా పోయిందన్నదీ చరిత్రే. గురుశిష్య బంధం ఎప్పటికీ అలాగే ఉండాలన్న నియమమేమీ లేదు.

నల్లగొండ జబ్బు, బయటి డాక్టర్లు

ఫ్లోరోసిస్ చరిత్ర ఇంకో సంగతి చెబుతుంది. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును షార్ట్, ఆయన సహచరులు గుర్తించారు. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది హైదరాబాద్ డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ. వంగిపోయిన వెన్నులో నరాలు నలిగి కాళ్లు పడిపోవడాన్ని లోతుగా చదివినవారు హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి. నల్లగొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి కలిసిపోయే జబ్బు మీద 1973లో లాన్సెట్‌లో రాసినవారు హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970లలో రూపొందించింది నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి). ఆ పద్ధతికి లోకమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది.

జబ్బు నల్లగొండది, రాసినవాళ్లు బయటివాళ్లు. వాళ్లను తప్పుపట్టలేం, ఆనాడు జిల్లాలో కాలేజీయే లేదు. ఇప్పుడుంది. ఫ్లోరోసిస్ పాత తరంలో ఇంకా మిగిలే ఉంది, మిషన్ భగీరథ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లు, ఎముకలు ఎట్లున్నాయో చూడాల్సిన సమయం ఇదే. కల్తీ కల్లు మానేసిన మర్నాడు ఫిట్స్, పిచ్చిమాటలతో వచ్చే పాలమూరు కూలీలు, వలసపోయి తిరిగొచ్చినవాళ్లలో మధ్యలో ఆగిపోయిన టీబీ మందులు, నల్లమలలో చెంచుల ఆరోగ్యం, పాము కాట్లు, ఎండదెబ్బ, ఇవన్నీ ఇక్కడి ఓపీలో రోజూ కనిపించేవి. హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రిలో కుర్రడాక్టరుకు దొరకని సంపద ఇది.

ఒక గడ్డిమందు కేసు

ఈ సంపద పరిశోధనగా ఎట్లా మారుతుందో ఒక మామూలు రాత్రి డ్యూటీలో చూద్దాం. పాతికేళ్ల రైతు గడ్డిమందు తాగాడని క్యాజువాలిటీకి తెస్తారు. గురువు లేనిచోట కేస్ షీట్‌లో 'పాయిజనింగ్' అని ఒక్క మాట పడుతుంది. కడుపు కడుగుతారు, ఫ్లూయిడ్స్ పెడతారు, కిడ్నీలు దెబ్బతినగానే హైదరాబాద్‌కు రెఫర్ చేస్తారు. కేసు అక్కడితో సరి.

పక్కన ఒక పెద్ద డాక్టరు ఉంటే అడిగే ప్రశ్నలు వేరు. "డబ్బా తెచ్చిండ్రా? దాని మీద మందు పేరు చదువు. ఎన్ని గంటలకు తాగిండు? ఎన్ని మూతలు? కక్కిండా? ఇంటికాడి నుంచి ఇక్కడికి రావడానికి ఎంతసేపు పట్టింది, నడుమ ఎక్కడ ఆగిండ్రు?" మూత్రంలో సోడియం బైకార్బొనేట్, సోడియం డైథియోనైట్ కలిపితే తాగిన గడ్డిమందు పారాక్వాట్ అయినప్పుడు నీలం రంగు వస్తుంది. ఖర్చు తక్కువ, పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఈ ఆరు వివరాలు ప్రతి కేసులోనూ ఒకే తీరుగా రాస్తూ పోతే ఏడాది తిరిగేసరికి ఆ వార్డులో ఒక రిజిస్టర్ తయారవుతుంది. విరుగుడు లేని ఈ విషంలో ఎంత తాగితే ఎవరు బతుకుతున్నారు, దారిలో పోయిన గంటలు ఎంత చేటు చేస్తున్నాయి అన్న ప్రశ్నలకు జిల్లా నుంచే జవాబు వస్తుంది. అది కేస్ సిరీస్, ప్రమోషన్‌కూ లెక్కకొస్తుంది. మండల స్థాయిలో మొదటి గంటలో ఏం చేయాలో చెప్పే ఆధారమూ అదే. ఆ పెద్ద డాక్టరు ఇచ్చింది ప్రశ్నలు అడిగే వరస మాత్రమే.

కేటాయించాలా, ఎంచుకోవాలా?

ఈ విషయం మీద రెండు వాదాలున్నాయి. చేరిన రోజే ప్రతి అసిస్టెంటుకూ ఒక సీనియర్‌ను ఆర్డర్ వేసి కేటాయించాలన్నది ఒకటి. ఆర్డర్‌తో గురుభక్తి పుట్టదు, మనసు కలిసినవాళ్లే కలవాలన్నది రెండోది. రెండోదాంట్లో నిజముంది. కానీ అదే పట్టుకుంటే నష్టపోయేది మొహమాటస్తులు, తొలి తరం డాక్టర్లు, సాయంత్రం ఆగి సీనియర్‌తో టీ తాగే వీల్లేని తల్లులు. 'అన్నా' అని పిలిచి పని చేయించుకునే చనువు హాస్టల్ రోజుల నుంచి కొందరికే అబ్బుతుంది. కాబట్టి మొదటి ఏడాది కేటాయింపు, ఆ తరవాత ఇద్దరికీ నష్టం లేకుండా మార్చుకునే వీలు, ఇదే నడిచే పద్ధతి. అలా గురువుగా ఇచ్చే పెద్ద హెచ్ఓడీ కాకుంటే మంచిది. సెలవు మంజూరుచేసే సారుతో, "నాకు ఈ ఉద్యోగంలో ఉండాలో వద్దో తెలియడం లేదు సార్" అని ఎవరూ మనసు విప్పరు.

ఉండాలా వెళ్లాలా అన్నది కెరీర్ ప్లాన్‌లో అసలైన ప్రశ్న, దాన్ని దాచి లాభం లేదు. 2022లో రాష్ట్రం కొత్తగా చేరే ప్రభుత్వ డాక్టర్లకు ప్రైవేటు ప్రాక్టీసు నిషేధించింది. అంతకుముందు చేరినవాళ్లకు ఆ కట్టడి లేదు. ఒకే డిపార్ట్‌మెంట్‌లో సాయంత్రం క్లినిక్ ఉన్న సీనియర్, లేని జూనియర్ పక్కపక్కన పనిచేస్తారు. డబ్బు దగ్గర జూనియర్‌కు కలిగే అసంతృప్తిని గురువు ఉపన్యాసంతో తీర్చలేడు. బోధన, పరిశోధన పేరుతో ఇక్కడ ఏం దొరుకుతుందో, కార్పొరేట్‌లో ఏం దొరుకుతుందో లెక్క వేసి చూపించి, వెళ్లాలనుకున్నవాళ్లను గౌరవంగా పంపడం కూడా మంచి మెంటర్ పనే.

నాలుగేళ్ల పట్టిక

జిల్లా అసిస్టెంటుకు ఆచరణలో పనికొచ్చే ప్రణాళిక ఇలా ఉండొచ్చు. మొదటి ఏడాది రెండు తప్పనిసరి కోర్సులు ముగించి, వార్డులో ఎక్కువగా కనిపించే ఒక్క జబ్బును ఎంచుకుని రిజిస్టర్ మొదలుపెట్టాలి. రెండో ఏడాది ఎథిక్స్ అనుమతి తీసుకుని, ఐసీఎంఆర్ 1979 నుంచి నడుపుతున్న విద్యార్థుల స్వల్పకాలిక పరిశోధన పథకంలో ఒక ఎంబీబీఎస్ విద్యార్థికి గైడ్‌గా నిలబడాలి. నేర్పడం మొదలుపెడితేనే నేర్చుకోవాల్సింది ఎంతుందో తెలుస్తుంది. విద్యార్థులు గ్రామ కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమం ఇప్పుడు ప్రతి కాలేజీలోనూ ఉంది. దాన్ని సంతకాల పుస్తకంగా వదిలేయకుండా కమ్యూనిటీ మెడిసిన్‌తో కలిసి సమాచార సేకరణకు వాడుకోవచ్చు. మూడో ఏడాది రాతకు, నాలుగో ఏడాది జర్నల్ తిప్పికొట్టిన పేపర్‌ను సరిచేసి మళ్లీ పంపడానికి. తిరస్కరణకు సమయం ముందే కేటాయించని ప్లాన్ నాలుగో ఏట డబ్బు జర్నల్ గుమ్మం దగ్గర తేలుతుంది.

గురువుల విషయంలో మూడు దిక్కులు చూడాలి. పని నేర్పే పెద్ద అదే ఆస్పత్రిలో. పరిశోధన చూపే పెద్ద దూరంలో, అది బీబీనగర్ ఎయిమ్స్ కావచ్చు, పోషకాహార సంస్థ కావచ్చు, తాను పీజీ చేసిన ఉస్మానియా, గాంధీ, కాకతీయ కావచ్చు, విదేశంలో ఉన్న సీనియర్ కావచ్చు. నెలకొక్కసారి అరగంట ఫోన్ కాల్, రాసిన రెండు పేజీలు ముందే పంపడం, ఇంతకంటే అడగనక్కర్లేదు. ఇక తోటివాళ్లు: నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి ఒక జట్టు; మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేట ఒక జట్టు. ఒక్కో కాలేజీలో ఒక్కో విభాగంలో ఇద్దరు ముగ్గురే ఉంటారు, అయిదు కాలేజీలు కలిస్తే పదిమందికి తక్కువ కారు. ఒక కాలేజీలో ఇరవై కేసులతో ఆగిపోయే అధ్యయనం అయిదు కాలేజీల్లో వందకు చేరుతుంది.

ప్రభుత్వం, విశ్వవిద్యాలయం చేయాల్సినవీ కొన్ని ఉన్నాయి, పెద్ద ఖర్చు లేనివే. అనుమతి పొందిన ప్రాజెక్టు నడుస్తున్నంత కాలం ఆ అసిస్టెంటును ఇన్‌స్పెక్షన్ కోసం వేరే కాలేజీకి డిప్యుటేషన్ మీద పంపకూడదు. రాస్‌ను ఖేర్వారాకు పంపిన తప్పు మనం ఏటా చేస్తున్నాం. వారంలో ఒక పూట ఓపీ లేకుండా పరిశోధనకు ఇవ్వాలి. ప్రొఫెసర్ పనితీరు నివేదికలో ఆయన దగ్గర పనిచేసిన జూనియర్లు ఏమయ్యారన్న ప్రశ్న ఒకటి చేర్చాలి. చిన్న కాలేజీలన్నిటికీ ఉమ్మడిగా గణాంక నిపుణుడి సాయం కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచి అందాలి.

2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో చేరిన తొలి బ్యాచ్‌వాళ్లు ఇప్పటికే డాక్టర్లయ్యారు. పీజీ మూడేళ్లు, సీనియర్ రెసిడెన్సీ ఏడాది కలుపుకుంటే ఈ దశాబ్దం చివరికల్లా వాళ్లలో కొందరు సొంత కాలేజీకే అసిస్టెంట్లుగా తిరిగొస్తారు. వాళ్లు వచ్చేనాటికి అక్కడ అసోసియేట్లుగా ఉండేది ఇవాళ గురువు కోసం వెతుక్కుంటున్న ఈ తరమే. ఈ తరం రిజిస్టర్లు తెరిచి, దూరపు పెద్దలతో, పక్క కాలేజీల తోటివాళ్లతో పని నేర్చుకుంటే, తిరిగొచ్చేవాళ్లకు మొదటి రోజే అడగడానికి మనిషి ఉంటాడు, అందుకోవడానికి సగం నడిచిన ప్రాజెక్టు ఉంటుంది. లేకపోతే ఇంకో ఏడేళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.